బీపీ మాత్రే కిడ్నీని పాడు చేసిందా?

ఈ నెల ఉత్తరాల్లో బీపీ మాత్రల మీద అనుమానాలే ఎక్కువ. తణుకు నుంచి వచ్చిన ఉత్తరానికి కాస్త ఎక్కువ చోటిస్తున్నాను. ఆ ఇంట్లో జరిగిందే చాలా ఇళ్లలో జరుగుతోంది.

ప్రశ్న: డాక్టరమ్మగారికి నమస్కారం. మావారికి 58 ఏళ్లు, ఆర్టీసీ బస్సు డ్రైవరు. పన్నెండేళ్ల కిందట ఉద్యోగంలో చేసే వైద్యపరీక్షలో బీపీ 160/100 ఉందన్నారు. రెండేళ్లు మాత్ర వేసుకున్నారు. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, ఇంకెందుకని మానేశారు. పోయిన వేసవిలో కాళ్లు వాస్తుంటే డాక్టరుకి చూపించాం. బీపీ 170/104. క్రియాటినిన్ 1.4. మూత్రంలో ఆల్బుమిన్ రెండు ప్లస్‌లు. షుగరు లేదు. టెల్మిసార్టాన్ రాశారు. మూడు వారాల తర్వాత పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 1.6 అయింది. "చూశావా, బీపీ మాత్రలు కిడ్నీలు తినేస్తాయని అందరూ అంటూనే ఉన్నారు" అని మావారు మాత్ర పక్కన పడేశారు. మా ఆడపడుచు కొండపిండాకు కషాయం పెట్టి పంపుతోంది. అసలు కిడ్నీ పోయేది బీపీ వల్లా, మాత్ర వల్లా?
— గృహిణి, తణుకు

జవాబు: అమ్మా, ముందు ఆ మాత్ర రాసిన డాక్టరు దగ్గరికి ఈ వారంలోనే మీవారిని తీసుకెళ్లండి. మాత్ర మానేశామని దాచకుండా చెప్పండి. మిగతా సంగతులు తర్వాత.

క్రియాటినిన్ అంటే కండల్లో తయారై, కిడ్నీలు బయటికి పంపే వ్యర్థం. వడపోత తగ్గితే అది రక్తంలో పెరుగుతుంది. కాబట్టి 1.6 చూసి భయపడటంలో తప్పేమీ లేదు. అయితే ఆ పెరుగుదల చాలావరకు మాత్ర తన పని తాను చేయడం వల్ల వచ్చింది. ఈ ముక్క అర్థం కావాలంటే కిడ్నీ లోపలికి ఒకసారి వెళ్లి రావాలి, కాస్త ఓపిక పట్టండి.

గుండె నిమిషానికి సుమారు ఐదు లీటర్ల రక్తాన్ని పంపుతుంది. అందులో లీటరు పైచిలుకు కిడ్నీలకే వెళ్తుంది. రెండు కిడ్నీలూ కలిపి తూస్తే మూడు వందల గ్రాములకు అటూ ఇటూ ఉంటాయి. ఒక్కోదాంట్లో దాదాపు పది లక్షల నెఫ్రాన్లు. ప్రతి నెఫ్రాన్ మొదట్లో, కంటికి ఆనని సన్నటి రక్తనాళాలు ఉండ చుట్టుకుని ఉంటాయి. దాన్ని గ్లోమెరులస్ అంటారు. వడపోత జరిగేది అక్కడే. రోజుకి 180 లీటర్లు వడకట్టి, దాదాపు అంతా మళ్లీ వెనక్కి పీల్చుకుని, చివరికి లీటరున్నర మాత్రం మూత్రంగా వదులుతాయి.

మీది కాలవల ప్రాంతం కాబట్టి ఇలా చెప్తాను. ఆ ఉండకి ముందొక తూము, వెనకొక తూము. రక్తం ముందు తూములోంచి వస్తుంది, వెనక తూములోంచి పోతుంది. బీపీ పెరిగితే ముందు తూము బిగుసుకుని, ఆ ఉరవడి లోపలి ఉండ మీద పడకుండా కాస్తుంది. డిపోలో ఏదో గొడవై, ఆ టెన్షన్‌లో ఓ పూట బీపీ 160 అయినా కిడ్నీకి ఏమీ కాకపోవడానికి కారణం ఇదే. ఏళ్ల తరబడి రాత్రీ పగలూ అదే ఒత్తిడి ఉంటే మాత్రం ముందు తూము గోడ మందమై, గట్టిపడుతుంది. అప్పటి నుంచి నష్టం రెండు వైపులా. కొన్ని నెఫ్రాన్లకు రక్తం చాలదు, అవి ముడుచుకుపోయి మచ్చకడతాయి. ఇంకొన్నిచోట్ల గట్టిపడ్డ తూము అవసరానికి బిగుసుకోలేదు, బయటి ఒత్తిడి తిన్నగా లోపలికి దిగుతుంది. సన్నటి గోడలు సాగి, రక్తంలో ఉండాల్సిన ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలోకి కారుతుంది. మీ రిపోర్టులోని రెండు ప్లస్‌లు అవే. పోయిన నెఫ్రాన్ల పని మిగిలినవాటి నెత్తిన పడుతుంది. మోయలేని బరువు మోసి అవీ త్వరగా అరిగిపోతాయి.

ఇది చాలదన్నట్టు, రక్తం సరిగా అందని కిడ్నీ రెనిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. దాని వల్ల యాంజియోటెన్సిన్ తయారవుతుంది. ఒంట్లో రక్తనాళాలు బిగుస్తాయి, ఉప్పు, నీరు నిలవుంటాయి, బీపీ ఇంకా ఎక్కుతుంది. బీపీ కిడ్నీని కొడుతుంది, దెబ్బతిన్న కిడ్నీ బీపీని పెంచుతుంది. ఇదంతా జరుగుతున్నా నొప్పి ఉండదు. తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదనుకోవడం మీవారు ఒక్కరే చేసిన పని కాదు లెండి.

ఇక టెల్మిసార్టాన్ సంగతి. యాంజియోటెన్సిన్ ఎక్కువగా బిగించేది వెనక తూముని. ఈ మాత్ర దాన్ని సడలిస్తుంది. రక్తం తేలిగ్గా బయటికి పోతుంది, ఉండలో ఒత్తిడి దిగుతుంది, ఆల్బుమిన్ కారడం తగ్గుతుంది. ఒత్తిడి దిగినప్పుడు వడపోత కూడా కాస్త తగ్గక తప్పదు. మీవారి క్రియాటినిన్ 1.4 నుంచి 1.6కి వచ్చింది అందుకే. మొదట్లో ముప్పై శాతం దాకా పెరిగితే మేం మాత్ర ఆపం. మీవారి లెక్కలో అది 1.8 దాకా అన్నమాట. అంతకు మించి పెరిగినా, పొటాషియం 5.5 దాటినా అప్పుడు ఆగి కారణం వెతుకుతాం. ఈ మాట మాత్ర రాసిన రోజునే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఓపీ బయట జనం కిక్కిరిసి ఉన్నప్పుడు సరిగ్గా అలాంటి మాటే ఎగిరిపోతుంది. మా వృత్తికి ఉన్న జబ్బుల్లో ఇదొకటి.

బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకే కిడ్నీ జబ్బులు వస్తున్నాయని మీ చుట్టాలు అంటే కాదనకండి, చూస్తే అలాగే కనిపిస్తుంది. బీపీ ఉన్నవాళ్లే కదా ఆ మాత్రలు వేసుకునేది!

బీపీ ముందా, కిడ్నీ జబ్బు ముందా అన్నది పాత తగువే. లండన్‌లోని గైస్ హాస్పిటల్‌లో రిచర్డ్ బ్రైట్ అనే వైద్యుడు 1836 నాటికే ముడుచుకుపోయిన కిడ్నీలు, మూత్రంలో ఆల్బుమిన్, మందమైన గుండె ఒకే మనిషిలో కనిపించడం గమనించాడు. చెడిపోయిన కిడ్నీలే అన్నిటికీ మూలం అనుకున్నారు. అదే ఆసుపత్రిలో 1870ల్లో ఫ్రెడరిక్ అక్బర్ మొహమ్మద్ అనే యువవైద్యుడు నాడి ఒత్తిడిని గీతలుగా గీసే పరికరంతో చూసి, కిడ్నీ జబ్బు గుర్తులేవీ లేనివాళ్లలో కూడా రక్తపోటు ముందే ఎక్కువగా ఉండవచ్చని చెప్పాడు. ఆయన తాత పట్నా నుంచి ఇంగ్లండు వెళ్లి స్థిరపడ్డ మనిషి. మనవాడని మురిసిపోవచ్చు.

మీవారి విషయంలో ఏది ముందో తేల్చడానికి రెండు పరీక్షలు సాయం చేస్తాయి. కంటి డాక్టరు చేత ఫండస్ చూపించండి. కిడ్నీలో చిన్న రక్తనాళాలు ఎలా ఉన్నాయో మనకు కనిపించదు గానీ, కంటి వెనక వాటి తోబుట్టువులు కనిపిస్తాయి. ఈసీజీ, ఎకోలో గుండె ఎడమ గది గోడ మందమైందని వస్తే బీపీ చాలాకాలంగా ఉన్నట్టే. కిడ్నీల స్కానింగు కూడా చేయిస్తారు.

క్రియాటినిన్ 1.4 అంటే "కొంచెమే ఎక్కువ" అని ల్యాబ్‌లో అనేస్తుంటారు. దాన్ని వయసుతో, ఆడా మగా అన్నదానితో కలిపి, కిడ్నీల వడపోత ఎంతుందో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ లెక్క కట్టాలి. 58 ఏళ్ల మగవారికి 1.4 ఉంటే ఈజీఎఫ్‌ఆర్ దాదాపు 58. అదే 1.4 మీలాంటి ఆవిడకు, అదే వయసులో వస్తే దాదాపు 44 మాత్రమే. కండ తక్కువ ఉన్నవాళ్లలో క్రియాటినిన్ తక్కువే తయారవుతుంది, అందుకని అంకె చిన్నగా కనిపించి మోసం చేస్తుంది. మూడు నెలలకు పైగా 60 కంటే తక్కువ ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటాం. 15 లోపలికి వస్తే డయాలసిస్ మాట వస్తుంది. 1.6 ప్రకారం మీవారు ఇప్పుడు 50 దగ్గర ఉన్నారు. నలభై దాటాక ఆరోగ్యవంతులకైనా ఏడాదికి ఒకటి చొప్పున తగ్గుతుంటుంది. బీపీని వదిలేసి, ఆల్బుమిన్ కారుతూ ఉండి, ఏడాదికి ఐదు చొప్పున తగ్గిందనుకోండి, ఏడేళ్లలో 15. ఒకటి చొప్పున తగ్గేలా చూసుకుంటే ముప్పై అయిదేళ్లు. మచ్చకట్టిన నెఫ్రాన్లు తిరిగి రావు. మన చేతిలో ఉన్నదల్లా ఈ వేగమే.

మూత్రంలో ప్లస్‌లతో సరిపెట్టకుండా ఆల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి పరీక్ష చేయించండి. 30 లోపు ఉంటే మామూలు, 300 దాటితే బాగా ఎక్కువ. మందు పనిచేస్తోందా లేదా అన్నది నాకు క్రియాటినిన్ కంటే ఇదే బాగా చెప్తుంది. బీపీ ఉన్న ప్రతివాళ్లకీ ఏడాదికోసారి ఈ పరీక్ష జరగాలి. జరగడం లేదు. క్రియాటినిన్ ఒక్కటే రాసి పంపేస్తున్నారు. అది పెరిగేసరికి ఈజీఎఫ్‌ఆర్ ఎంతో కొంత పోయే ఉంటుంది, ఆల్బుమిన్ అంతకంటే చాలా ముందే కనిపిస్తుంది.

ఇంకో సంగతి మీరు రాయలేదు, నేనే అడుగుతాను. రోజంతా స్టీరింగ్ ముందు కూర్చునే మనిషికి నడుం నొప్పి లేకుండా ఉండదు. ఏం వేసుకుంటున్నారు? నా దగ్గరికి వచ్చినవాళ్లని మందుల కవరు బల్లమీద బోర్లించమంటాను. బీపీ మాత్రల పట్టీ సగం కూడా ఖాళీ కాదు, దాని పక్కన డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ పట్టీలు మాత్రం ఒక్క బిళ్ళ లేకుండా ఉంటాయి. చీటీ లేకపోయినా మెడికల్ షాపుల్లో ఇచ్చేస్తున్నవి అవి. ముందు తూముని తెరిచి ఉంచే పదార్థాలను ఈ నొప్పి మాత్రలు ఆపేస్తాయి, బీపీని పెంచుతాయి, ఉప్పును నిలవ ఉంచుతాయి. టెల్మిసార్టాన్, మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర, నొప్పి మాత్ర ఈ మూడూ కలిస్తే కొద్దిరోజుల్లోనే కిడ్నీ కుప్పకూలవచ్చు. కిడ్నీలు తినేసే మాత్ర ఏదని నన్నడిగితే ఈ నొప్పి మాత్రనే చూపిస్తాను. నొప్పికి పారాసెటమాల్ వాడుకోమనండి, అది కూడా డాక్టరుకి చెప్పి.

వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో మాత్రం టెల్మిసార్టాన్ తాత్కాలికంగా ఆపాలేమో డాక్టరుకి ఫోన్ చేసి అడగండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్ర కిడ్నీని ఇబ్బంది పెడుతుంది. తగ్గాక మళ్లీ మొదలుపెట్టడం మరిచిపోకూడదు.

బీపీ 130/80 లోపలికి రావాలి. ఒక్క మాత్రతో రాకపోవచ్చు. ఆమ్లోడిపిన్ అనే ఇంకో బీపీ మాత్ర కలిపితే పాదాలు కాస్త వాచవచ్చు, ఆ వాపు మాత్ర వల్ల వచ్చేదే, కిడ్నీ చెడిందని కంగారు పడకండి. ఈ మధ్య షుగరు మందుగా వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్‌ని షుగరు లేని కిడ్నీ రోగులకూ ఇస్తున్నాం, మేలు చేస్తోంది. అది రాస్తే డాక్టరు పొరబడ్డారనుకోవద్దు. ఇంట్లో బీపీ మిషన్ కొనేట్టయితే మణికట్టుది వద్దు, దండకి కట్టేది కొనండి. టీ తాగి అరగంట దాటాక, ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, చొక్కా చెయ్యి పైకి జరిపి చూడండి. చూసేటప్పుడు మీరూ మాట్లాడకండి, ఆయన్నీ మాట్లాడనివ్వకండి.

కొండపిండాకుకి రాళ్లు కరిగిస్తుందని పేరు. మీవారికి రాళ్లున్నాయని మీరు రాయలేదు. బీపీతో గట్టిపడ్డ రక్తనాళాలను అది బాగు చేయదు. మీ ఆడపడుచుగారి ప్రేమకి నమస్కారం చెప్పి, కషాయం ఆపేయండి.

ప్రశ్న: మేడమ్, నా వయసు 26. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసు హెల్త్ చెకప్‌లో బీపీ 170/110 వచ్చింది. అమ్మానాన్నలకి బీపీ లేదు. అందరూ "టెన్షన్ తగ్గించుకో, యోగా చెయ్" అంటున్నారు. స్కానింగులో కుడి కిడ్నీ 10.2 సెం.మీ., ఎడమది 8.1 సెం.మీ. అని రాశారు. పుట్టుకతో చిన్నదేమో అన్నారు. వచ్చే ఏడాది నా పెళ్లి.
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: యోగా చేయి తల్లీ, మంచిదే. కానీ 26 ఏళ్ల అమ్మాయికి 170/110 టెన్షన్ వల్ల వచ్చిందని సరిపెట్టుకోవడానికి నేను ఒప్పుకోను. రెండు కిడ్నీల మధ్య రెండు సెంటీమీటర్ల తేడా ఉందంటే, చిన్నదానికి రక్తం తెచ్చే పెద్ద ధమని సన్నబడిందేమో చూడాల్సిందే. పుట్టుకతో చిన్నది కావచ్చు, చిన్నప్పటి ఇన్‌ఫెక్షన్లతో మచ్చలు పడి చిన్నదైనా కావచ్చు, కానీ చూడకుండా ఆ మాట అనకూడదు.

1934లో హ్యారీ గోల్డ్‌బ్లాట్ అనే ఆయన కుక్కల కిడ్నీ ధమనికి చిన్న బిగింపు పెట్టి చూశాడు. కుక్కల బీపీ పెరిగిపోయింది. పై జవాబులో చెప్పిన రెనిన్ పనే అది. నీ ఎడమ కిడ్నీ రక్తం చాలక ఆ పనే చేస్తూ ఉంటే, ఆ బీపీ దెబ్బంతా, రక్తం బాగా అందుతున్న కుడి కిడ్నీ మీద పడుతుంది. బాగున్నదాన్ని కాపాడుకోవడానికే తొందరపడమంటున్నాను.

మన దేశంలో నీ వయసు ఆడపిల్లల్లో ఇలా జరిగితే టకయాసు ఆర్టిరైటిస్ అనే జబ్బుని తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. పెద్ద ధమనుల గోడలు వాచి సన్నబడతాయి. రెండు చేతుల్లోనూ నాడి చూపించు, రెండు చేతులకీ బీపీ చూపించు. ఒక చేతికీ ఇంకో చేతికీ బాగా తేడా ఉన్నా, ఒక చేతి నాడి అందకపోయినా అనుమానం బలపడుతుంది. వాపు లేకుండానే ధమని గోడ గొలుసులా ముడులు పడే ఫైబ్రోమస్క్యులర్ డిస్‌ప్లేసియా ఇంకొకటి, దానికి బెలూన్‌తో వెడల్పు చేస్తే చాలామందికి బీపీ బాగా దిగుతుంది. కిడ్నీ ధమనుల్లో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కానింగుతో మొదలుపెట్టి, అవసరమైతే సీటీ యాంజియోగ్రామ్ చేస్తారు. కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్లు.

పెళ్లి మాట చెప్పావు కాబట్టి ఇది కూడా. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మందులు గర్భంతో ఉన్నప్పుడు బిడ్డకు హాని చేస్తాయి. నీకు అలాంటిదేమైనా రాసి ఉంటే, పిల్లల కోసం అనుకునే ముందే మార్పించుకోవాలి. నీ అంతట నువ్వు ఈరోజే మానేయకు. అత్తవారింటికి ఈ సంగతి చెప్పాలా వద్దా అని నువ్వు అడగలేదు. అడిగి ఉంటే చెప్పమనే అనేదాన్ని.

ప్రశ్న: మాది కవిటి మండలం. మా వీధిలో కిడ్నీ జబ్బు లేని ఇల్లు తక్కువ. మా అన్నకి బీపీ ఎప్పుడూ మామూలే, షుగరు లేదు. బీపీ లేకపోతే కిడ్నీకి భయం లేదని ఒకాయన చెప్పారు. నిజమేనా?
— కొబ్బరితోట కూలీ, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ ఉద్దానం వరకు ఆ మాట నమ్మొద్దు బాబూ. దేశంలో చాలాచోట్ల కిడ్నీ జబ్బుకి షుగరు, బీపీలే పెద్ద కారణాలు. మీ కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు వచ్చే జబ్బు తీరు వేరు. దెబ్బ ముందుగా వడపోత ఉండల మీద కాకుండా వాటి తర్వాతి గొట్టాల మీద పడుతుంది. అందుకని మొదట్లో ఆల్బుమిన్ పెద్దగా కారదు, కాళ్లు వాయవు, బీపీ కూడా చాలామందికి మామూలుగానే ఉంటుంది. దాని కారణం మీద పరిశోధకుల మధ్య ఇంకా ఏకాభిప్రాయం లేదు. జబ్బు ముదిరాక బీపీ పెరుగుతుంది, అప్పుడది మంటమీద పెట్రోలే.

కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్లంతా బీపీతో సంబంధం లేకుండా క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి, పాత రిపోర్టులు పారేయకుండా దాచండి. అంకె ఏ దిక్కుకి పోతోందో వాటిని వరసగా పెట్టి చూస్తేనే తెలుస్తుంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలైంది, మీకు దగ్గర. ఎండలో పని చేసేటప్పుడు నీళ్ల సీసా చేతికందేలా పెట్టుకోండి. ఒళ్లునొప్పులకి సాయంత్రం వేసుకునే బిళ్ళ పేరు ఏంటో చూడండి. పైన తణుకు ఉత్తరానికి ఇచ్చిన జవాబులో ఉన్న నొప్పి మాత్రల పేర్లే అయితే ఇవాళే ఆపండి.

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. బీపీ వల్ల కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. క్రియాటినిన్ 2.1. రామిప్రిల్ వాడుతున్నాను. ఉప్పు మానేసి సైంధవ లవణం వేసుకుంటున్నాను. మా అబ్బాయి అమెరికా నుంచి తక్కువ సోడియం ఉప్పు డబ్బా తెచ్చాడు. ఆవకాయ లేకుండా ముద్ద దిగడం లేదు. అన్నం కూడా మానేయాలా?
— విశ్రాంత ఉపాధ్యాయిని, జగిత్యాల

జవాబు: టీచరమ్మా, సైంధవ లవణం కూడా దాదాపు అంతా సోడియం క్లోరైడే. రంగు వేరు, ధర వేరు. కిడ్నీకి రెండూ ఒకటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, అంటే అన్నీ కలిపి ఒక చిన్న చెంచా. కూరలో వేసేది తగ్గించామని అందరూ చెప్తారు. అప్పడం, ఊరమిరపకాయ, పచ్చడి, మజ్జిగలో చిటికెడు అడిగితే గానీ బయటపడవు. ఆవకాయలో కారం, ఆవపిండి, ఉప్పు సమానంగా కలిపే ఇళ్లు ఎన్నో మీకు నేను చెప్పాలా? ఒకటి చెప్తాను, ఒప్పుకుంటే సరే: ఆదివారం ఒక చిన్న ముక్క. ఆ పూట పప్పులో, కూరలో ఉప్పు వేయకూడదు. మిగతా రోజులు నిమ్మకాయ, వెల్లుల్లి కారం (ఉప్పు లేకుండా) అలవాటు చేసుకోండి. నాలుగైదు వారాలకి నాలుక సర్దుకుంటుంది.

అన్నం మీద మీకు కోపం అక్కర్లేదు. 1940ల్లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ కెంప్నర్ అనే డాక్టరు, తీవ్రమైన బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ఉప్పు లేని అన్నం, పళ్లు పెట్టి చాలామందిలో బీపీ దించాడు. అప్పటికి ఇప్పటిలాంటి మందులు లేవు. ఆ పథ్యం ఇప్పుడు ఎవరికీ చెప్పను, చాలా కఠినం, పైగా పొటాషియం వల్ల మీకు అన్ని పళ్లూ పడవు. అన్నంలో తప్పు లేదనడానికే చెప్పాను. షుగరు కూడా ఉంటే ఆ లెక్క వేరు.

మీ అబ్బాయి తెచ్చిన డబ్బా సంగతి మాత్రం ఇవాళే తేల్చుకోవాలి. వెనకవైపు పదార్థాల పట్టిక చదవండి, పొటాషియం క్లోరైడ్ అని ఉంటుంది. సోడియం తగ్గించి ఆ చోట దాన్ని కలుపుతారు. కిడ్నీలు బాగున్న బీపీ రోగికి అది మేలే చేస్తుంది. మీకు క్రియాటినిన్ 2.1, పైగా రామిప్రిల్ కూడా పొటాషియాన్ని పెంచుతుంది. రెండూ కలిస్తే గుండె లయ తప్పేంత ఎక్కువ కావచ్చు, ముందుగా ఏ లక్షణమూ కనిపించకుండానే. ఆ ఉప్పు వాడటం మొదలుపెట్టి ఉంటే ఆపి, రేపు పొద్దున్నే పొటాషియం పరీక్ష చేయించండి. 5.5 దాటి ఉంటే రిపోర్టు పట్టుకుని అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. డబ్బా కిడ్నీలు బాగున్న ఇంటికి ఇచ్చేయండి.